‘మావాళ్లు’లో మొదటి పేరు

మా చిన్నప్పుడు నేను చూసిన మొదటి కంప్యూటర్‌కు మౌస్ లేదు... చేవెళ్లలో ఒక మేడ మీద, పట్నంలో ఏదో ఆఫీసు వద్దనుకున్న రెండు మిషన్లు పెట్టుకుని ఒక సారు క్లాసులు చెప్పేవారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఎనిమిదో తరగతి సెలవుల్లో మా ఊరు ఆలూరు నుంచి బస్సెక్కి వెళ్లి నేర్చుకున్నాను. ఇంట్లో ఉంటే మిరపకాయల తొడిమలు తీయమంటారని వెళ్లానన్నది అసలు నిజం.

ఆ నల్ల తెర మీదే మెయిల్. పంపాలంటే అవతలివాళ్ల అడ్రసంతా అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. మెయిలున్న చుట్టం నాకప్పటికి ఒక్కడే... పుణెలో కంపెనీ ఉద్యోగం చేసే మా మేనమామ. ఆయన అడ్రస్ చూస్తే గూడ్సు బండే!

మూడుసార్లు తప్పు కొట్టేసరికి సారు నవ్వారు. "గంత పొడుగు రోజూ ఎందుకు కొడుతవు బిడ్డా? నువ్వు పిలిచే పేరు పెట్టుకో" అన్నారు.

మెయిల్ ప్రోగ్రాం మొదలవగానే చదువుకునే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. అందులో ‘ఏలియాస్’ అని రాసి, మనకు నచ్చిన పొట్టి పేరు, పక్కన అసలు అడ్రస్ రాస్తే చాలు. ఇక ‘మామ’ అని కొడితే ఉత్తరం పుణెకు పోతుంది! ఆ రోజు నా సంబరం ఇంతా అంతా కాదు.

తర్వాత మామే మిగతా చుట్టాల అడ్రసులు పంపాడు. భివండీలో పెద్దమ్మ కొడుకు, షార్జాలో నాన్న తమ్ముడు చిన్నబాపు... అట్లా ఆరుగురయ్యారు. ఆరుగురినీ ఒకే వరుసలో రాసి, ఆ వరుసకు ‘మావాళ్లు’ అని పేరు పెట్టాను. ఆ ఒక్క మాట కొడితే అందరికీ ఉత్తరం పోతుంది. వరుసలో మొదటి పేరు మామదే.

మామ మా ఇంట్లోనే పెరిగాడు. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వచ్చిన చిన్నపిల్లాడట. మా నాన్న, బాపే చదివించాడు. ఆ ఏడు బాపు సర్పంచ్‌గా నిలబడ్డాడు. ఓటేయడానికి వచ్చిన మామ, ఎదుటి పక్షంవాడు బడి దోస్తు కావడంతో మొహమాటానికి పోయి అతని జీపెక్కి ఊరంతా తిరిగాడు. బాపు ఓడిపోయాడు.

"నా ఇంట్ల తిన్నోడు వాని జీపెక్కిండు. ఇంగ నా గడప తొక్కొద్దు" అన్నాడు. అంతే... రాకపోకలు బంద్.

ఏడాది తిరగకుండా అక్క పెళ్లి కుదిరింది. పన్నెండు రోజుల్లోనే ముహూర్తం. దూరాన ఉన్నవాళ్లకు కార్డులు చేరేలోపే పెళ్లయిపోతుంది. అందుకని బాపు నన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి బయలుదేరాడు. బస్సులో ఒకటే మాట, "మీ మామకు మాత్రం పంపకు."

మా దగ్గర పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చేది మేనమామ. అమ్మకు ఉన్నది ఒక్క తమ్ముడు. ఆయన బదులు ఎవరో దూరపు వరుసాయన్ని బాపు మాట్లాడిపెట్టాడు. అమ్మ ఎదురు చెప్పలేదు. పసుపు దంచుతూ మాత్రం, "నా బిడ్డను ఎవలో ఎత్తుకొస్తరు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది నేను చూశాను.

మిషన్ ముందు కూర్చున్నాను. బాపు పక్కనే కుర్చీ వేసుకున్నాడు. నేను ఫైలు తెరిచి మొదటి అడ్రస్ తీసేయాలి... చేతులు రాలేదు. ‘మావాళ్లు’ అని కొట్టేశాను. తెర మీద ఆ ఒక్క మాటే కనిపిస్తుంది, వెనకున్న ఆరుగురూ కనిపించరు. పిలుపు రాసి కింద బాపు పేరు పెట్టాను.

"ఎవలెవలికి పోతున్నది?" అన్నాడు బాపు. వేళ్లు మడుస్తూ చెప్పాను. ఐదు వేళ్లు మడిచి ఆగిపోయాను.

"అంతేనా సారూ?"

ఆ వరుస నాతో రాయించింది సారే. అందులో ఎవరున్నారో ఆయనకు తెలుసు. ఊళ్లో గొడవా తెలుసు. నా వైపోసారి చూసి, "బిడ్డ మంచిగనే పంపుతున్నది పటేలా" అన్నారు. ఆ మాటకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

ఇక చూడాలి నా అవస్థ... మామ రాకపోతే అమ్మ ఏమైపోతుందో, వస్తే నలుగురిలో బాపు ఏమంటాడో! అన్నం సహించలేదు. పుణె నుంచి జవాబు కూడా లేదు.

పెళ్లి పొద్దున పందిట్లోకి మామ వచ్చాడు. చేతిలో చీర సంచి. బాపు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"నిన్ను ఎవలు పిలిచిన్రు?"

మామ జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ఆఫీసులో ప్రింట్ తీసిన మెయిల్. "నువ్వే పిలిచినవు బావా. కింద నీ పేరున్నది సూడు. నువ్వు పిలిస్తే రాకుండ ఎట్లుంట?"

బాపు కాగితం చూడలేదు, నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. తర్వాత గుమ్మంలో పళ్లెం పట్టుకుని నిలబడిపోయిన అమ్మను చూశాడు.

"పిలిస్తే గింత ఆలస్యంగనా వచ్చేది? గంప లోపలున్నది. పో, బిడ్డను ఎత్తుకరా."

అమ్మ అక్కడే కూలబడి బావురుమంది. అక్కను మోసుకొస్తుంటే మామకు కళ్లు తుడుచుకునే చెయ్యి ఖాళీ లేక, చెంపలన్నీ తడిసిపోయాయి. నన్ను మాత్రం బాపు ఏనాడూ ఒక్క మాట అడగలేదు. కోపాన్ని అట్లా మింగినందుకు ఆయనకు, పిలుపు అందగానే పాత మాటలన్నీ వదిలేసి వచ్చినందుకు మామకు... నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

ఇప్పుడు మా చుట్టాలందరికీ ఫోన్లలో గ్రూపు ఉంది. మొన్న ఎందుకో మాట పెరిగి ఒకాయన్ని అందులోంచి తీసేశారు. ఎవరు తీశారో, ఎవర్ని తీశారో అందరి ఫోన్లలోనూ కనిపించింది. ఇక ఆయన ఏ ముఖంతో వస్తాడు, వీళ్లు ఏ నోటితో పిలుస్తారు?

మీ ఇంట్లో రాకపోకలు ఆగి, మళ్లీ కలిసినవాళ్లు ఉన్నారా? ముందుగా ఎవరు పిలిచారో రాయండి... ఇంకా కలవకపోతే, ఇవాళ మీరే పిలవండి.