చూసేసిన నాణేల్లో ముడుపు రూపాయి

ఆ బ్యాంకులో మూడో కౌంటర్ ఆవిడ నన్ను చూడగానే కళ్ళజోడు తీసి తుడుచుకునేది. నేను బాగా కనిపించాలనో, అసలు కనిపించకూడదనో రెండేళ్ళ పాటు తేల్చుకోలేకపోయాను. తుడిచి, పెట్టుకుని, నా చేతిలోని కాన్వాస్ సంచీ వైపు చూసి, "మళ్ళీ నువ్వేనా?" అనేది. నా ముందున్న వాళ్ళకి గుడ్ మార్నింగ్ చెప్పేది, నా వెనకున్న వాళ్ళకీ చెప్పేది. నా దగ్గరికి వచ్చేసరికి స్టాకు అయిపోయేది.

ఆవిడ కోపానికి కారణం ఉంది, ఒప్పుకుంటాను. డెబ్భైల చివర వెండి ధర పిచ్చెత్తినట్టు పెరుగుతున్న రోజులవి. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్ల వాళ్ళు కొందరు షేర్లు కొన్నారు, కొందరు ఇళ్ళు కొన్నారు. నేను అర డాలర్లు కొన్నాను. అర డాలరిచ్చి అర డాలర్ కొనడమేమిటని నవ్వకండి. అరవై నాలుగు దాకా ఆ నాణెంలో నూటికి తొంభై పాళ్ళు వెండి. తర్వాత అయిదారేళ్ళు నలభై పాళ్ళు. ఆపైన వచ్చినవన్నీ ఉత్త రాగీ నికెలూ. అంచు చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఎర్రటి చార ఉంటే చెత్త, తెల్లగా ఉంటే వెండి. బ్యాంకులో పది డాలర్లిస్తే ఇరవై నాణేలు చుట్టిన కాగితం రోల్ ఇస్తారు. శనివారం పొద్దున్నే రూట్ 46 పొడుగునా నాలుగైదు బ్యాంకులు తిరిగి రోల్స్ తెచ్చేవాణ్ణి. డైనింగ్ టేబుల్ మీద విప్పి, బొటనవేలి గోరుతో గీసి అంచులు చూసి, వెండివి తీసుకుని, మిగిలినవి మళ్ళీ చుట్టి సోమవారం బ్యాంకుకి ఇచ్చేసేవాణ్ణి.

కష్టమంతా ఆ ఇచ్చెయ్యడంలోనే ఉంది. కొన్న బ్యాంకులో తిరిగి ఇవ్వకూడదు. ఇస్తే వచ్చే వారం మనం చూసేసినవే మళ్ళీ మన చేతికొస్తాయి, బావిలో తోడిన నీళ్ళు బావిలోనే పోసుకున్నట్టు. అందుకని ఒక బ్యాంకుని పారబోయడానికే పెట్టుకోవాలి. మూడో కౌంటర్ ఆవిడ ఉన్న బ్రాంచి నాకు అలాంటిది. మొదట్లో ఆవిడ దగ్గరా కొన్ని నెలలు రోల్స్ కొన్నాను. వెండి మాట దేవుడెరుగు, వెండి వాసన కూడా తగల్లేదు. ఇది చవిటి నేల అని తేల్చుకుని, ఆనాటి నుంచీ నా చెత్తంతా తీసుకెళ్ళి అక్కడే పోస్తూ వచ్చాను.

"ఇన్ని అర డాలర్లు నీకెక్కడివి?" అని ఆవిడ మొదటిసారి అడిగినప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. కానీ నిజం చెప్పడం నాకు పన్ను పీకించుకోవడం లాంటిది, మరీ తప్పకపోతే తప్ప ఒప్పుకోను.

"నాకు లాండ్రీ ఉంది," అన్నాను.

"లాండ్రీ మెషీన్లలో వేసేది పావు డాలర్ క్వార్టర్లు."

"మావి పెద్ద మెషీన్లు."

ఇంకోసారి, మా పెళ్ళిళ్ళలో వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు తలంబ్రాలు పోసుకుంటారనీ, అమెరికా వచ్చాక బియ్యం బదులు అర డాలర్లు పోస్తున్నామనీ చెప్పాను.

"దెబ్బ తగలదా?"

"తగులుతుంది. కాపురం ఎలా ఉంటుందో ముందే తెలియాలి కదా."

మరోసారి, నూట పది కేజీల మా మేనమామ తన ఎత్తు నాణేలు దేవుడికి తూస్తానని మొక్కుకున్నాడన్నాను. "మరి వాటిని ఇక్కడికి తెస్తున్నావేం?" అంది. "మామయ్య డైటింగ్‌లో ఉన్నాడు. తగ్గినప్పుడల్లా మిగిలినవి తెస్తున్నాను," అన్నాను.

ఆవిడ ఒక్కసారి కూడా నవ్వలేదు. ప్రతి రోల్ మీదా నా అకౌంట్ నంబరు రాయమంది. నలభై రోల్స్. లైన్లో వాళ్ళంతా నా మెడ మీద వేడి ఊపిరి వదులుతుంటే నిలబడి నలభై సార్లూ రాశాను. చివర్లో "పెన్ను ఇక్కడ పెట్టు," అంది, నేనేదో పెన్ను దొంగనైనట్టు. మరుసటి వారం కసిగా అరవై రోల్స్ పట్టుకెళ్ళాను. ఆవిడ లంచ్ బోర్డు పెట్టేసింది. అప్పటికి టైమ్ పదిన్నర.

ఇలా సాగుతున్న యుద్ధంలోకి మా ఆవిడ రూపాయి వచ్చి పడింది.

మేం ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో నా కారు ఐస్ మీద జారి గోతిలోకి పల్టీలు కొట్టింది. ఏడు పల్టీలు. మా ఆవిడ రెండే అంటుంది, కానీ లోపల ఉండి లెక్కపెట్టింది నేను. పదకొండు రోజులు హాస్పిటల్లో పడి ఉన్నాను. ఆ మొదటి రోజునే ఆవిడ వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన పాత వెండి రూపాయిని పసుపు గుడ్డలో ముడుపు కట్టి, ఈయన లేచి నడిస్తే కొండకి తెచ్చి నీ హుండీలో వేస్తానని వెంకన్నకి మొక్కుకుంది. నేను లేచి నడిచాను. రూపాయి మాత్రం ఆరేళ్ళయినా కదల్లేదు. ఒకసారి సెలవు దొరకలేదు, ఒకసారి టిక్కెట్టు దొరకలేదు. చివరికి ఆ డిసెంబరుకి టిక్కెట్లు బుక్ చేశాం.

ప్రయాణానికి నెల ముందు, ఒక ఆదివారం, చివికిపోయిన పాత గుడ్డ విప్పి కొత్త గుడ్డలో కట్టాలనుకుంది. రూపాయిని డైనింగ్ టేబుల్ చివర పెట్టి, కొత్త గుడ్డ పసుపులో తడిపి ఆరేయడానికి వెళ్ళింది. టేబుల్ రెండో చివర నేను, చూసేసిన నాణేలు ఇరవయ్యేసి దొంతరలు పెట్టుకుని, రోల్స్ చుట్టుకుంటున్నాను. మా పనిలో ఒక నియమం ఉంది. చూసేసిన నాణేన్ని మళ్ళీ చూడకూడదు. చూస్తే అనుమానం పుడుతుంది, అనుమానం పుడితే తెల్లారిపోతుంది. అందుకని చుట్టేటప్పుడు కళ్ళు టీవీ మీదే ఉంటాయి. ఒక దొంతరలో పంతొమ్మిదే ఉన్నట్టు వేళ్ళకి తెలిసింది. చెయ్యి టేబుల్ ఆ చివరి దాకా తడిమి దొరికిన ఇరవయ్యోదాన్ని పైన పెట్టి చుట్టేసింది. పాత రూపాయీ అర డాలరూ అదే వెడల్పు, దాదాపు అదే బరువు. వేళ్ళకి తేడా తెలియలేదు.

సోమవారం లంచ్ టైమ్‌లో సంచీ పట్టుకెళ్ళి పారబోసి వచ్చాను. ఆ సాయంత్రం ఆరిన గుడ్డ పట్టుకుని మా ఆవిడ వచ్చింది.

"ఏమండీ, ఇక్కడ ముడుపు రూపాయి పెట్టాను. తీశారా?"

"నేనెందుకు తీస్తాను?"

కార్పెట్ ఎత్తాం. సోఫా కదిపాం. వాక్యూమ్ క్లీనర్ సంచీ న్యూస్‌పేపర్ మీద బోర్లించాం. ఆ దుమ్ములో చెయ్యి పెట్టి తడుముతుంటే నా వేళ్ళకి ఆ ఇరవయ్యో నాణెం గుర్తొచ్చింది. నాలుక మీద అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది, కానీ ఎందుకో ఈసారి నిజమే జారిపోయింది.

మా ఆవిడ దుమ్ము చేతులు దులుపుకుని లేచింది.

"పది గజాల దూరం నుంచి వెండి పసిగడతానంటారుగా! ఇంట్లో ఉన్న దేవుడి వెండిని చెత్తలో కలిపి పారబోసి వచ్చారా?"

"పోనీ ఇంకో రూపాయి కడితే..."

"ఇంకో మొగుణ్ణి చేసుకోమంటారా? అది మీ ప్రాణానికి ఒప్పుకున్న రూపాయి. అదే వెయ్యాలి. అది లేకుండా నేను ప్లేన్ ఎక్కను. మీరొక్కరే వెళ్ళి ఆయనతో చెప్పుకోండి, మీ కథలు."

ఆ రాత్రి వంకాయ కూరలో ఉప్పు లేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.

మంగళవారం బ్యాంకు తలుపు తీసేసరికి అక్కడున్నాను. కౌంటర్ ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని నా ఖాళీ చేతుల వైపు చూసింది.

"సంచీ లేదే? మామయ్య పోయాడా?"

చెప్పాను. కారు, గొయ్యి, పసుపు గుడ్డ, కొండ, రూపాయి, పంతొమ్మిది నాణేల దొంతర, అన్నీ. పల్టీలు కూడా రెండే చెప్పాను. నా జీవితంలో అంత నిజం ఒక్కసారిగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ అంతా విని, "లాండ్రీ కథే నయం," అంది.

"ఇది నిజం!"

"లాండ్రీ అప్పుడూ ఇలాగే అన్నావు." కళ్ళజోడు సర్దుకుని, "సరే. ఆ నాణెం మీద ఏముంది?" అని అడిగింది.

"రాజు."

"ఏ రాజు?"

"ఇంగ్లండ్ రాజు."

"ఏ సంవత్సరం?"

వేల నాణేల మీద సంవత్సరాలు చదివినవాణ్ణి. ఆరేళ్ళు మా ఇంట్లో దేవుడి పటం ముందు ముడుపులో ఉన్న నాణెం ఏ సంవత్సరానిదని ఒక్కసారి కూడా అడగలేదు.

"పాతది," అన్నాను.

"నెక్స్ట్!" అంది ఆవిడ, నా భుజం మీద నుంచి.

బుధవారం మా ఆవిడ సగం రోజు సెలవు పెట్టింది. చీర మీద చలికోటు, కాళ్ళకి స్నీకర్లు. కారులో దారంతా కిటికీ వైపే చూసింది. బ్యాంకులో నన్ను దాటుకుని ముందు నిలబడింది.

"నేను ఇతని భార్యని. నా కాయిన్ మీ దగ్గరుందా? పంతొమ్మిది వందల ఏడు. రాజుకి బట్టతల. తల మీద కిరీటం లేదు, వెనక వైపు ఉంది. దానికి రెండు పక్కలా తామర తీగలు. చెవి పైన చిన్న నొక్కు. అక్షరాల సందుల్లో ఎల్లో ఉంటుంది, ఎంత కడిగినా పోదు. అది నేను పెట్టిన పసుపు."

కౌంటర్ ఆవిడ ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదు. "మీకు లాండ్రీ ఉందట కదా?" అంది. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ తేడా లేదంటారు గానీ, ఆవిడ గొంతులో ఉంది.

"ఏం లాండ్రీ?"

"మీ పెళ్ళిలో నాణేలు పోసుకున్నారట."

"బియ్యం పోసుకున్నాం."

"మరి డైటింగ్ చేసే మేనమామ?"

"ఈయనకి మేనమామలే లేరు." మా ఆవిడ మెల్లిగా నా వైపు తిరిగింది. "ఏమండీ, ఏమిటిది?"

పక్క కౌంటర్‌లో డిపాజిట్ స్లిప్పులు ఎంత బాగా ప్రింట్ చేశారో అప్పుడే గమనించాను.

కౌంటర్ ఆవిడ సొరుగు లాగి చిన్న కవరు తీసింది. దాని మీద నా అకౌంట్ నంబరు ఉంది. వంచితే బట్టతల రాజు జారి పడ్డాడు. "రోల్‌లో పరాయి దేశం నాణెం కలిపాడని ఈ శుక్రవారం మేనేజర్‌కి రిపోర్ట్ ఇద్దామని ఉంచాను," అంది. మా ఆవిడ దాన్ని తీసి కళ్ళకద్దుకుంది.

"అయితే అది నిజమేనా? ఇతని ప్రాణం కోసమా?"

"అవును. బతికిస్తే ఇస్తానని మొక్కుకున్నాను."

ఆవిడ నన్ను పై నుంచి కింద దాకా చూసింది, చినిగిన నోటు చూసినట్టు. "ఎక్కువే పెట్టారు," అంది.

మూడు రోజుల్లో మొదటిసారి మా ఆవిడ నవ్వింది. ఇద్దరూ కలిసి నవ్వారు. ఆ బ్యాంకులో నవ్వు వినడం నాకదే మొదలు, అందులో నా వాటా ఏమీ లేదు.

"ఇప్పుడు నీ రోల్‌లో ఒక నాణెం తక్కువైంది," అంది కౌంటర్ ఆవిడ, నాతో. రెండు క్వార్టర్లు తీసి పెట్టాను. వెనక్కి తోసింది. "తక్కువైంది అర డాలర్. అర డాలరే కావాలి."

నా చొక్కా జేబులో ఒకే ఒక్క అర డాలర్ ఉంది. అరవై నాలుగుది. ఆ శనివారమంతా తిరిగితే దొరికిన ఒకే ఒక్క వెండి.

"ఇవ్వండి," అంది మా ఆవిడ.

ఇచ్చాను. కౌంటర్ ఆవిడ దాన్ని సొరుగులో వెయ్యలేదు. దీపం వైపు వంచి, బొటనవేలి గోరుతో అంచు వెంట గీసి చూసింది. అది నా అలవాటు. అచ్చం అలాగే, ఆ వేలితోనే. తర్వాత కౌంటర్ కింద నుంచి తన సొంత పర్సు తీసి, రెండు క్వార్టర్లు బ్యాంకు సొరుగులో వేసి, నా అర డాలర్ పర్సులో వేసుకుంది.

ఆవిడ దగ్గర కొన్న రోల్స్‌లో ఒక్క వెండీ ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. అది చవిటి నేల కాదు. నాకంటే ముందే కోసేసిన చేను. ఆ చేలోకి రెండేళ్ళుగా వారం వారం ఊక మోసుకొచ్చి పోశాను నేను.

"నా రోల్స్ అన్నీ విప్పి చూశావా?" అన్నాను.

"ప్రతి ఒక్కటీ."

"ఏమైనా దొరికాయా?"

"రెండేళ్ళకి ఒక్కటి. దాన్నిప్పుడే మీ ఆవిడకి ఇచ్చేశాను." కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టింది. "నీ చెత్త ఇంకెక్కడైనా పోసుకో. నెక్స్ట్!"

డిసెంబరులో కొండకి వెళ్ళాం. హుండీ ముందు మా ఆవిడ చీర చెంగున కట్టిన ముడుపు విప్పింది. నేను చెయ్యి చాపాను, నా ప్రాణం కదా అని. ఇవ్వలేదు. తనే గుడ్డతో సహా లోపల వేసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

బయటికొచ్చాక చెప్పాను, అన్ని వేల నాణేల మధ్య ఆ ఒక్క రూపాయి మోత నాకు విడిగా, ఖణేల్‌మని వినిపించిందని.

"పసుపు గుడ్డలో కట్టిందీ, గుడ్డతో కుట్టిన హుండీలో పడిందీ," అంది మా ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ. "దానికి మోతేమిటండీ? మీ లాండ్రీ కథే నయం."

మీరు కూడా నమ్మరని తెలుసు. కానీ వినిపించింది.