మచ్చ ఉన్నవి ముందు

సెకండ్స్ అన్న మాట వినగానే ముక్కు చిట్లించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదికీ చొక్కాలు మిల్లు సెకండ్స్ గుడ్డతోనే కుట్టించేవారు. ఎక్కడో ఒక పోగు తప్పి ఉండేది, అంతే. దానికి ఎండేమైనా ఎక్కువ కాల్చిందా? వానేమైనా ఎక్కువ తడిపిందా?

అయినా ఇక్కడ పెర్త్‌లో నేను వెళ్ళే పిస్టల్ క్లబ్బులో నాకు పడిన పేరు "సెకండ్స్ మనిషి".

ఇక్కడి కానింగ్ వేల్ ఫ్యాక్టరీ షెడ్లలో పాతికేళ్ళు లేత్ మీద పని చేసి రిటైరయ్యాక, మోకాళ్ళు నడకకి ఒప్పుకోకపోతే, నిలబడి ఆడే ఆట ఏముందా అని వెతికాను. ఇది దొరికింది. పాతిక మీటర్ల అవతల కాగితం మీద నల్లటి గుండ్రం ఉంటుంది. నిలబడి, చెయ్యి చాచి, దాని నడుమ కొట్టాలి. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని పారెయ్యక్కర్లేదనీ, మళ్ళీ మందు నింపి, మూతికి కొత్త బుల్లెట్ బిగించి తూటా తయారు చేసుకోవచ్చనీ అక్కడే తెలిసింది. లైసెన్సు కాగితాలు సరిచేసుకుని, లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ మూడేసి సార్లు చదివి నేర్చుకున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి. ఎవడూ నేర్పలేదు. ఈ మాట అడిగినవాళ్ళకీ చెబుతాను, అడగనివాళ్ళకీ చెబుతాను.

బుల్లెట్లు మాత్రం సెకండ్సే కొంటాను. పూత సరిగా అంటనివీ, ఒంటి మీద గీత పడినవీ ఫ్యాక్టరీవాళ్ళు పక్కకి తీసి సంచుల్లో పోసి అమ్ముతారు.

మా క్లబ్బులో నా ఈడువాడే ఒక తెల్లాయన ఉన్నాడు, రిటైరైన ప్లంబరు. నా పెట్టె మూత తీస్తే చాలు, తొంగి చూస్తాడు.

"మేట్, వీటికి చికెన్‌పాక్స్ వచ్చిందా?"

"నీ బుల్లెట్లకి మచ్చ లేదులే. మచ్చంతా నీ స్కోరుకే ఉంది," అంటాను నేను.

ఈ మాట ఎప్పుడూ చెల్లేది. పోయిన చలికాలం చెల్లలేదు. అప్పటికే వరసగా రెండు మ్యాచుల్లో నా స్కోరు పడిపోయింది. మూడోసారి కూడా ఆరువందలకి ఐదువందల పది రాకపోతే బి గ్రేడు నుంచి సి లోకి దించుతామని క్లబ్బువాళ్ళు మర్యాదగానే చెప్పారు. ప్లంబరుకి మర్యాద తక్కువ.

"సి లో బాగుంటుంది మేట్. నీకు కుర్చీ కూడా వేస్తారు."

కుర్చీ! ఆ మాటకి ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

అదృష్టవశాత్తూ నా దగ్గర ఒక నిధి ఉంది. రెండేళ్ళుగా, కొత్త సంచి తెచ్చినప్పుడల్లా గ్యారేజీలో చేట ముందేసుకుని బుల్లెట్లు ఏరుతున్నాను. సెకండ్స్‌లో కూడా మచ్చన్నదే లేనివి సంచికి నాలుగో ఐదో దొరుకుతాయి. వాటిని పాత కాఫీ డబ్బాలో దాచి, మిగిలినవి వాడుతుంటాను.

మా ఆవిడ గ్యారేజీ గుమ్మం దాటి లోపలికి రాదు. అక్కడే నిలబడి అంటుంది. "నలభై ఏళ్ళ కాపురంలో కందిపప్పు ఏరమంటే ఒక్కనాడైనా చేట ముట్టారా? ఆ సీసం చేతులు సబ్బుతో కడిగి మరీ ఇంట్లోకి రండి. ఇంతకీ ఆ డబ్బాలోవి ఎవరి పెళ్ళికండీ?"

"పెద్ద మ్యాచ్‌కి."

"అమ్మాయి కొనిచ్చిన చొక్కా కూడా కవరు విప్పకుండా దాచారుగా. అది కూడా పెద్ద మ్యాచ్‌కేనా?"

ఆవిడకేం తెలుసు, మా పెంపకం అలాంటిది. మా ఇంటికి అరటి గెల వస్తే, మచ్చ పడినవి ముందు తినండ్రా, మంచివి రేపు తిందురుగాని అనేవాడు మా నాన్న. రేపటికి ఆ మంచివాటికీ మచ్చ పడేది. అవి తినేవాళ్ళం. చిన్నతనంలో మచ్చలేని అరటిపండు తిన్నట్టు నాకు జ్ఞాపకమే లేదు.

మూడో మ్యాచ్ రోజు వచ్చింది. డబ్బాలో మంచివి అరవై. మ్యాచ్‌కి కావలసినవీ అరవయ్యే. వాటితో తూటాలు కట్టి పట్టుకెళ్ళాను. గురి చూసుకోవడానికి మచ్చలవి ఒక పెట్టె వేరే పెట్టుకున్నాను. మ్యాచ్‌కి ముందు వాటితో ఐదు కాల్చితే, ఐదూ నడుమన కూర్చున్నాయి.

తర్వాత మంచివి పెట్టాను. ఒక్కోటి కాలుస్తుంటే ఇంట్లో పింగాణీ కప్పు కిందపడిన చప్పుడే చెవిలో. పోయింది ఒకటి, పోయింది ఇంకోటి. రెండేళ్ళు దాచినది ఊరికే పోకూడదని పిస్టల్ పిడిని వేళ్ళు తెల్లబడేంతగా బిగించి పట్టుకున్నాను. ముప్పై తూటాలయ్యాక విరామం. స్కోరు రెండువందల నలభై ఐదు. మిగిలిన ముప్పైలో రెండువందల అరవై ఐదు రావాలి. అంత నేను జన్మలో ఒక్కసారి కొట్టానేమో.

ప్లంబరు టీ కప్పుతో వచ్చాడు. నా పెట్టెలోకి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"చికెన్‌పాక్స్‌వి ఏమయ్యాయి?"

"అవి ప్రాక్టీసుకి. ఇవి మంచివి."

"ఇన్నాళ్ళూ నన్ను ఓడించింది ఏవి?"

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే మంచివాటి పెట్టె మూత వేసేసి, మచ్చలవి బయటికి తీశాను. పోతే పోనీ, వీటినెవడు లెక్కచేస్తాడు అనుకున్నాను. అలా అనుకోగానే వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి.

రెండువందల అరవై ఏడు.

ప్లంబరు నా కాగితం మీది చిల్లుల్ని రెండుసార్లు లెక్కపెట్టాడు. "కుర్చీ నాకే వేయించుకుంటాలే," అని వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ నా మొహం చూసి కనిపెట్టేసింది. "మంచివి బాగా పనిచేశాయన్నమాట."

జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నేరుగా లోపలికెళ్ళి, అమ్మాయి కొనిచ్చిన చొక్కా కవరు చింపి, పిన్నులు తీసి, మంచం మీద పెట్టింది. "రేపు కూరగాయలకి ఇది వేసుకుని రండి. ములక్కాడ జిగురు అంటినా సరే."

వేసుకున్నాను. మెడ దగ్గర కాస్త బిగుతు. కొన్ననాడు వేసుకుని ఉంటే సరిపోయేదట. అది కూడా ఆవిడే చెప్పింది.

తర్వాతి శనివారం మిగిలిన ముప్పై మంచి తూటాలూ ప్రాక్టీసుకి పట్టుకెళ్ళాను. పది కాల్చాను. మిగతా ఇరవై తిరిగి పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఏమో, ఎప్పుడే అవసరం వస్తుందో.