మూడు వీడియోలు, ఒక పడవ తాళం

తాళంచెవి లేకుండా, సన్నటి ఇనుప పుల్లలతో తాళం తీయడం సరదాగా నేర్చుకుంటున్నాను. సొంత తాళాల మీదే లెండి, కంగారు పడకండి. జువ్వలదిన్నెలో మా బావ తన పడవలో వలల పెట్టెకు కొన్నాళ్లు వాడి, తర్వాత పక్కన పడేసిన పాత ఇత్తడి తాళాన్ని అడిగి తెచ్చుకుని, మూడు వారాలుగా దాంతో కుస్తీ పడుతున్నాను. అది ఇసుమంత కూడా కదల్లేదు. లోపం నేర్పేవాళ్లలోనే ఉందనుకుని ఒకరి తర్వాత ఒకరు ముగ్గురి వీడియోలు మార్చాను. మొదటాయన వీడియో కింద ‘మీకు చెప్పడం రాదు’ అని కామెంట్ కూడా పెట్టాను.

కొత్తవాళ్లకు ఏ వీడియో మంచిదో అడుగుదామని ఈ రోజు కావలిలో తాళాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన నా వీడియోల గోల వినిపించుకోలేదు. తాళానికి దారంతో కట్టి ఉన్న చెవిని పట్టుకుని, “దీంతో తెరుచుకుంటాదా సార్?” అన్నాడు.

ఎప్పుడూ పెట్టి చూడలేదన్నాను.

ఆయన పెట్టి తిప్పాడు. తిరగలేదు. తాళాన్ని బల్లకేసి కొడితే పచ్చటి చిలుమూ ఉప్పూ రాలాయి.

“సముద్రం మీద తిరిగిన తాళం ఇది. సొంత చెవికే లొంగంది, మీ పుల్లకి ఎట్ట లొంగుతాది సార్?”

ఇంటికొచ్చి ఆ కామెంట్ తీసేద్దామని చూస్తే, దానికి నలుగురు లైక్ కొట్టి ఉన్నారు. ఆ నలుగురివీ ఏ సముద్రం ఒడ్డు తాళాలో తెలుసుకోవాలని ఉంది. మీలో ఎవరైనా నేర్చుకుంటుంటే, ఏ వీడియో చూస్తున్నారో తర్వాత చెబుదురు గాని, ముందు దాని చెవి పెట్టి తిప్పి చూశారా?