ఓపేర్ పిల్ల కోసం భైంసాకు

కరీంనగర్ బస్టాండు నుంచి నిర్మల్ ఎక్స్‌ప్రెస్ పొద్దున ఆరింటికి. బోర్డు మీద ఆరని ఉంటుంది గానీ కండక్టరు చాయ్ తాగడం అయ్యాకే కదులుతుంది కాబట్టి, వెళ్లదలచినవారు ఆరుంపావు అనుకుంటే మేలు. జూలై ముసురులో, ఒళ్లో పెద్ద సంచీతో నేను ఎడమ వైపు కిటికీ సీటు పట్టుకున్నాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తారు. దాన్ని దిగేదాకా పారేయకూడదు, చెకింగు వాళ్లు ఎక్కితే అదే అడుగుతారు.

భైంసాకు నేను వెళ్తున్నది ఒక ఓపేర్‌ను ఇంటికి తెచ్చుకోవడానికి. ఈ మాట మన వైపు ఎవరికీ తెలియదు. వేరే దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉంటూ, రోజుకు కొన్ని గంటలు వాళ్ల పిల్లలను చూసుకుంటూ, అక్కడి భాష నేర్చుకునే అమ్మాయిని ఓపేర్ అంటారు. ఉండటానికి గది, అందరితో పాటు భోజనం, చేతి ఖర్చులకు కొంత ఇస్తారు. పనిమనిషి కాదు, చుట్టమూ కాదు, ఇంటి మనిషిలా అంటారు. పెళ్లికి ముందు నేను జర్మనీలోని ఒక చిన్న ఊళ్లో ఏడాది పాటు అలా ఉండి వచ్చాను. ఇప్పుడు కరీంనగర్‌లో గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసులో పని చేస్తున్నాను. మా ఆయనకు గోదావరిఖని బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. పాపకు రెండున్నరేళ్లు. పాపను చూసుకునే మనిషి కావాలనుకున్నప్పుడు, నేను అక్కడ ఉన్నట్టే మా ఇంట్లో ఒక అమ్మాయి ఉంటే ఎలా ఉంటుందని అనిపించింది.

అమ్మాయి పేరు సంగీత. మా ఆఫీసులో పని చేసే భైంసా ఆవిడ చెప్పింది. కరీంనగర్‌లో డిగ్రీ సీటు వచ్చింది, హాస్టల్ సీటు రాలేదు. శుక్రవారంలోగా కాలేజీలో చేరకపోతే సీటు పోతుంది, పోతే వాళ్ల మేనమామ చూసి పెట్టిన సంబంధానికి తల ఊపాలి. పొద్దున కాలేజీకి వెళ్లడం, మధ్యాహ్నం పాపను చూసుకోవడం, సాయంత్రం నా దగ్గర జర్మన్ నేర్చుకోవడం అని ఫోనులోనే అనుకున్నాం. తనూ ఎప్పటికైనా ఓపేర్‌గా వెళ్లాలని ఆమె ఆశ. కానీ తల్లి ఒక్క ముక్కతో ఆపేసింది: "ఫోన్ల గాదు, ఇంటికొచ్చి అడుగుమను." అందుకే ఈ ప్రయాణం.

జగిత్యాలలో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. నిర్మల్‌లో చెల్లెలి ఇంటికట. "టికెట్ లేదాయె, నెలకు రెండుసార్లు పోతున్న. నాకు మంచిగనే ఉన్నది, మా చెల్లెకే పరేషాన్ అయితున్నది," అని తానే పకపక నవ్వింది. కోరుట్ల, మెట్‌పల్లి దాటేసరికి ఆ చెల్లెలి కోడళ్ల గురించి నాకు పూర్తిగా తెలిసిపోయింది. ఆర్మూరులో పది నిమిషాలు ఆపారు. సోన్ దగ్గర గోదావరి ఎర్రగా నిండుగా పోతోంది. ఆవిడ కిటికీలోంచి రూపాయి వేసి దండం పెట్టింది.

నిర్మల్ చేరేసరికి పదకొండు కావస్తోంది. భైంసా బస్సులు గంటకు రెండు మూడు ఉంటాయి, ఆగాల్సిన పని లేదు. మరో గంటలో భైంసా. దారి పొడవునా పత్తి మొక్కలు జానెడెత్తు లేచి ఉన్నాయి. బస్సులో సగం మాటలు మరాఠీలోనే వినపడ్డాయి.

సంగీత తల్లి సావిత్రిబాయికి బజారు వీధిలో గాజుల దుకాణం. భర్త పోయాక దుకాణం, బిడ్డ రెండూ ఆమెవే. దుకాణం వెనకే ఇల్లు. నేను వెళ్లేసరికి ఇద్దరు ఆడవాళ్ల చేతులకు గాజులు ఎక్కిస్తూ, నవ్వుతూ, "నొప్పి లేకుంట ఏసిన సూడు, మీ ఇంటాయన గూడ ఇంత మెల్లగ పట్టడు చెయ్యి," అంటోంది. నన్ను చూసి, "లోపటికి పో చెల్లె, వస్తున్న," అంది.

లోపల సంగీత నీళ్లు ఇచ్చింది. సన్నగా, చురుకైన కళ్లతో ఉంది. నేను సంచీ విప్పి, మా అత్తమ్మ సర్ది పెట్టినవన్నీ ఇత్తడి పళ్లెంలో పేర్చాను. అత్తమ్మది సిరిసిల్ల. ఈ వారం పాపను చూసుకోవడానికి మా ఇంట్లో ఉంది. "ఆడివిల్లను ఇంటికి తెచ్చుకునుడంటే మాటలా, ఒట్టి చేతులతోని పోతరా?" అని కొత్త చీర, జాకెట్టు గుడ్డ, ఎండుకొబ్బరి కుడుకలు, తమలపాకులు, మిఠాయి డబ్బా, చివరికి డజను గాజులు కూడా పెట్టింది. గాజుల దుకాణం నడిపే ఆమె ఇంటికి గాజులు మోసుకెళ్లిన ఘనత నాకే దక్కింది.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉందని పళ్లెం పేర్చేదాకా తట్టలేదు. ఎదిగిన పిల్ల ఉన్న ఇంట్లో చీర, కుడుకలు పెట్టిన పళ్లెం కనపడితే వాడ మొత్తానికి ఒకటే అర్థం. పక్కింటి ముసలవ్వ గడపలోంచి తొంగి చూసి, "పిలగాడు రాలేదా? ఫోటోనన్న తెచ్చిండ్రా?" అంది. నేను నోరు తెరిచేలోగా ఆమె వెళ్లిపోయింది, కబురు ఆమె కంటే ముందే వెళ్లింది. పావుగంటలో సావిత్రిబాయి అన్న మారుతి బండి మీద దిగాడు. చొక్కా గుండీలు కూడా సరిగా పెట్టుకోలేదు.

"నేను సూసిన సంబంధం ఉండంగ నాకు చెప్పకుంట గిదేంది?" అని చెల్లెలి మీద లేచాడు. తర్వాత నా వైపు తిరిగి, కొంచెం మర్యాదగా, "పిలగాడు ఏం పని జేస్తడు?" అన్నాడు.

"పిలగాడు లేడన్నా. నాకు చిన్న పాప ఉన్నది. సంగీత మా ఇంట్ల ఉండి చదువుకుంటది, పాపను జర చూసుకుంటది," అన్నాను.

"అంటే పనికి తోల్కపోతున్నవా మా పోరిని?"

ఓపేర్ గురించి నేను చెప్పిందంతా ఆయన శ్రద్ధగానే విన్నాడు. విన్నాక, "పేరు మంచిగున్నది, పని గదే గద," అన్నాడు. సంగీత వంటింటి గుమ్మం దగ్గర నిలబడి కొంగు చివర మెలిపెడుతోంది. నా పళ్లెం వల్ల ఆ పిల్ల సీటు పోయేలా ఉంది.

సావిత్రిబాయి మాత్రం దుకాణంలో బేరానికి కూర్చున్నట్టు స్థిమితంగా కూర్చుంది. ముందు నాకు అన్నం పెట్టింది. జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిట్ల, పచ్చిమిరపకాయ తొక్కు. మీరూ కూర్చోండంటే ఎవరూ కూర్చోలేదు, చుట్టం తిన్నాకే ఇంటివాళ్లు తింటారు. జర్మనీలో నేనూ ఇదే పని చేశాను. మొదటి వారాల్లో అందరికీ వడ్డించి నిలబడేదాన్ని, వాళ్లు లేచాక తినేదాన్ని. ఆ ఇంటావిడ నాకు తమ తిండి నచ్చలేదనీ, తాము ఏదో తప్పు చేశామనీ అనుకుని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ సంగతి చెబితే సావిత్రిబాయి నవ్వింది, మారుతి కూడా మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు.

"సరే, మీ ఇంట్ల అందరితోని కూసుండి తింటది. గది ఉన్నది, తాళం ఉన్నది. అన్ని విన్న," అంది ఆమె. "ఒక్కటి చెప్పు చెల్లె. మా పోరికి అలకెక్కువ. ఫోన్ల డాటా వేయించలేదని మొన్న రెండు రోజులు మాట్లాడలే, అన్నం ముట్టలే. మీ ఇంట్ల అలిగితే ఏంజేస్తవ్?"

"అవ్వా!" అంది సంగీత లోపలి నుంచి.

బతిమాలుతాను అందామనుకున్నాను. కానీ నా సంగతే గుర్తొచ్చింది. జర్మనీలో ఏడాది నాకు గది ఇచ్చారు, తాళం ఇచ్చారు, పుట్టినరోజుకు కేకు చేశారు. ఆ ఏడాదిలో నేను ఒక్కసారి కూడా ఎవరి మీదా అలగలేదు.

"తెల్వదక్కా," అన్నాను. "నేను అక్కడ ఏడాదున్న. ఒక్కసారి గూడ అలగలే."

"మంచిగ సూసుకోలేదా?"

"మంచిగనే సూసుకున్నరు. దినాం నవ్వుకుంటనే ఉన్న."

ఆమె మంచినీళ్ల చెంబు నా వైపు జరిపింది. "గా నవ్వుడు కష్టం చెల్లె. దుకాణంల నేను గూడ దినమంత నవ్వుత. పొద్దుగూకి ఇంటికొచ్చి గిన్నెలు గిరాటేస్త, ఇగ పోరి మీద ఒర్లుత. గప్పుడు పాణం నిమ్మలమైతది. దాని గిన్నెలు అది గిరాటెయ్యనీకి జాగ ఉండాలె గద."

మారుతికి ఈ మాటలు రుచించలేదు. చదువు అయ్యేదాకా సంబంధం ఆగదన్నాడు. "ఆగకపోతే పోనియ్యన్నా, నువ్వు చాయ్ తాగు," అంది ఆమె. చాయ్ తాగి, మిఠాయి డబ్బాలోంచి రెండు ముక్కలు తిని వెళ్లిపోయాడు. సాయంత్రానికి సంగీత పెట్టె సర్దడం మొదలైంది. నేను తెచ్చిన గాజులు సావిత్రిబాయి చేతిలోకి తీసుకుని, "ఇవి మా పోరికి పట్టయి," అని దుకాణంలోంచి వేరే డజను తెచ్చి నా చేతులకే వేసింది. ఆ రాత్రి నాకు ముందు గదిలో పడక వేశారు.

మర్నాడు ఏడున్నర బస్సు. తల్లి బస్టాండుకు రాలేదు, దుకాణం తెరిచే వేళ అంది. గుమ్మంలోనే బిడ్డ తల నిమిరి లోపలికి వెళ్లిపోయింది. సంగీత బస్సు ఎక్కాక తమ వీధి మలుపు వైపు ఒక్కసారి చూసి, నా వైపు తిరిగి నవ్వింది.

నిర్మల్‌లో దిగి టిఫిన్‌కు వెళ్లాం. ఇడ్లీనా పూరీనా అంటే, "ఏదైనా మంచిదే చిన్నమ్మా," అంది. తల్లి నన్ను చెల్లె అంది కాబట్టి నేను చిన్నమ్మను. చాయ్‌లో చక్కెర పాకంలా ఉంది, నేను సగం వదిలేశాను. ఎట్లున్నదని అడిగితే, "మంచిగున్నది," అని చివరిదాకా తాగింది. తొమ్మిదిన్నరకు కరీంనగర్ బస్సు దొరికింది. ఎవరో రైతు ఎరువు సంచీ తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు, కాళ్లు పెట్టుకునే చోటే లేదు. "ఫికర్ లేదు కాకా," అని కాళ్లు ముడుచుకుంది. నవ్వుతూనే.

వాన వెలిసి ఎండ కాసింది. తిరుగు ప్రయాణంలో ఎడమ వైపు సీట్లు పట్టుకోవద్దని ఈ దారిన వెళ్లేవారికి చెప్పాలి, జగిత్యాల వరకు ఎండ నేరుగా ముఖానికి కొడుతుంది. మెట్‌పల్లి దాటాక సావిత్రిబాయి నా నంబరుకే ఫోను చేసింది.

"యాడికొచ్చిండ్రు?"

"మెట్‌పల్లి దాటినం అక్కా."

"పోరి ఏమన్న అలిగిందా?"

"లేదక్కా. మంచిగనే ఉన్నది. నవ్వుకుంటనే ఉన్నది."

అటు వైపు గాజుల చప్పుడు, ఎవరో ధర అడుగుతున్న గొంతు వినిపించాయి.

"అయితే జర పైలం చెల్లె," అని పెట్టేసింది.

ఈ రెండు రోజుల్లో నాకు భయం వేసింది ఆమె చెప్పిన ఆ జాగ్రత్త విన్నప్పుడే. పళ్లెం చూసి మారుతి లేచినప్పుడు కూడా ఇంత వేయలేదు. నేను ఏడాది పాటు నవ్విన నవ్వు నా పక్క సీట్లోనే ఉంది, దాన్ని నేనే జీరో టికెట్ మీద మా ఇంటికి తీసుకెళ్తున్నాను. సీటు మారతావా అని అడిగాను. ఎండకు కళ్లు చికిలించి, "ఒద్దు చిన్నమ్మా, మంచిగనే ఉన్నది," అంది సంగీత.