మా బ్యాండ్‌లో ప్రతి వాదనా నేనే గెలిచాను

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, తాగుడు నుండి, జబ్బు నుండి విడుదల పొందినవారి సాక్ష్యాలు ఈ సంఘంలో మీరు ఎన్నో విన్నారు. నేను విడుదల పొందినది గెలుపు నుండి. నవ్వకండి, అదీ ఒక వ్యసనమే! అది నా స్నేహితులను ఒక్కొక్కరినే దూరం చేసి, చివరికి తోడబుట్టినవాడిలా ప్రేమించిన చైతన్యను నా చేతనే బయటికి పంపించింది. ఆ చీకటిలో నుండి దేవుడు నన్ను ఎలా లేవనెత్తాడో చెప్పడానికే ఈ పూట మీ ముందు నిలబడ్డాను.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, తార్నాకలో చైతన్య వాళ్ళ డాబా మీది గదిలో మా రాక్ బ్యాండ్ పుట్టింది. మాది మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్, అమ్మానాన్నల ఊరు జనగామ వైపు పల్లె. చైతన్య వాళ్ళది తెనాలి వైపు నుండి ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన కుటుంబం. బ్యాండ్‌కు లూప్ లైన్ అని పేరు పెట్టాం. ఇమ్రాన్ మౌలాలి నుండి గిటార్‌ను పాత దుప్పటిలో చుట్టి వీపున కట్టుకుని సైకిల్ మీద వచ్చేవాడు. మల్కాజ్‌గిరి నుండి వచ్చే నవీన్‌కు బేస్ గిటార్ లేదు, మామూలు గిటార్‌కు సన్నని తీగలు రెండు తీసేసి అదే బేస్ అనేవాడు. చైతన్య మొదటి డ్రమ్ములు వాళ్ళమ్మగారి బియ్యం డబ్బా, రెండు బకెట్లు, ఒక స్టీలు పళ్ళెం. నేను పాటలు రాసి పాడేవాణ్ణి. ఆహా, ఆ సాయంత్రాలు ఎంత చక్కటివి! వాయించడం అయ్యాక యూనివర్సిటీ క్యాంపస్‌లోకి నడిచి వెళ్ళి, చెట్ల కింద రాతి గట్టు మీద కూర్చుని, ఇంకా పుట్టని మా ఆల్బమ్‌కు అట్ట ఏ రంగులో ఉండాలో చీకటి పడేదాకా మాట్లాడుకునేవాళ్ళం. ఈ రోజుకీ ఆ దారిన వెళ్తే నా అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది.

నేను కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నవాణ్ణి గనుక బ్యాండ్‌కు ఒక నియమం పెట్టాను. ఏ విషయం తేలకపోయినా దానిని మోషన్‌గా, అంటే తీర్మానంగా ప్రవేశపెట్టాలి, ఇరుపక్షాలకూ చెరి మూడు నిమిషాలు, ఆ తరువాత చేతులెత్తి ఓటు. పాట తెలుగులో ఉండాలా ఇంగ్లీషులో ఉండాలా అనే ప్రశ్న మొదలుకొని ఫ్యాన్ ఎవరి వైపు తిప్పాలనే ప్రశ్న వరకూ అన్నీ అలాగే తేల్చాం. అది న్యాయమని నిజంగానే నమ్మాను. కానీ ఆ నలుగురిలో వాదించడం నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే!

మొదట నవీన్ వెళ్ళిపోయాడు. "అరేయ్ ప్రశాంత్, నీతోని మాట్లాడుడంటే కోర్టుకు పోయినట్టుంటది రా. నా వల్ల గాదు" అన్నాడు. అతని స్థానంలో ఒకడు వచ్చి నాలుగు నెలలు, ఇంకొకడు వచ్చి రెండు నెలలు ఉన్నారు. "ఒక్కసారన్న ఓడిపో యార్, మజా వస్తది" అని ఇమ్రాన్ నవ్వేవాడు. దేవుడు ఆ నవ్వులో నన్ను హెచ్చరించాడని ఇప్పుడు గ్రహిస్తున్నాను, అప్పుడు మాత్రం దానికీ ఒక జవాబు సిద్ధంగా ఉంచుకున్నాను.

మేము డిగ్రీ చివరి ఏడాదికి వచ్చేసరికి తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను నింపేసింది. ర్యాలీలు, ధూం ధాం పాటల సభలు, బంద్‌లు. తార్నాక చౌరస్తా దాకా బాష్పవాయువు వచ్చి కళ్ళు మండిన రోజులు! ఆ ఉద్యమం న్యాయమైనదని నమ్మాను, నేటికీ నమ్ముతున్నాను. క్యాంపస్ విద్యార్థులు ఒక సభలో మమ్మల్ని పాడమన్నారు. అప్పుడు నేను మోషన్ పెట్టాను: ఈ వేదిక మీద ఇక్కడి మట్టి బిడ్డలే నిలబడాలి. చైతన్య ఎదురుగా, తాను నాలుగేళ్ళు వాయించిన డ్రమ్ముల వెనుక కూర్చుని ఉన్నాడు. నా మూడు నిమిషాలూ తిరుగులేకుండా మాట్లాడాను. చైతన్య తన మూడు నిమిషాలు వాడుకోలేదు.

"మోషన్ సంగతి వదిలెయ్‌రా. నేను రావాలని నీకుందా, లేదా? అది చెప్పు చాలు" అన్నాడు.

సహోదరులారా, ఆ ప్రశ్నకు నా హృదయంలో జవాబు ఉంది. కానీ నోటితో నేను అన్న మాట, "ఓటింగ్ పెడదాం." కొత్తగా వచ్చిన బేస్ కుర్రవాడు నాతో పాటు చేయెత్తాడు, ఇమ్రాన్ ఎటూ చేయెత్తక తల వంచుకున్నాడు. ఇద్దరు ఒక వైపు, చైతన్య ఒక్కడే ఒక వైపు. చైతన్య తన గదిలో మమ్మల్ని వదిలి మెట్లు దిగి వెళ్ళిపోయాడు!

సభలో మాకు గొప్ప చప్పట్లు వచ్చాయి. కానీ ఆ రోజు అరిచి పాడిన నా గొంతు మరుసటి ఉదయానికి పలకలేదు. స్వరతంత్రుల మీద బొబ్బలు లేచాయని, నెల రోజులు ఒక్క మాటా మాట్లాడకూడదని, లేకపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాడు. మాటే ఆస్తిగా బతికినవాడికి అంతకంటే చీకటి ఏముంటుంది? గదిలో గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. మా అమ్మ నా మంచం పక్కన మోకరించి గట్టిగా ప్రార్థించేది: "ప్రభువా, నా కొడుకు గొంతు మల్ల నువ్వే ఇయ్యాలె. గని ముందుగాల వాని నోరు మంచిగ చెయ్యి తండ్రీ! వాడు అందరి మీద గెలుస్తుండు, ఇంట్ల ఒక్కడే కూసుంటుండు." ఆ మాటను ఖండించడానికి నా దగ్గర గొంతు లేదు, దేవునికి స్తోత్రం!

నేనూ మనసులో ప్రార్థించాను. కానీ ఎలా? మొదటి అంశం, రెండవ అంశం, ముగింపు! నేను చేసింది ఎందుకు సరైనదో దేవునికి నిరూపిస్తున్నాను. రెండు వారాలు అలాగే గడిచాక, ఒక ఆదివారం ఆరాధనలో అందరూ పాడుతుండగా నేనొక్కణ్ణే నోరు మూసుకుని నిలబడి ఉన్నప్పుడు, నా వాదన మధ్యలోనే ఆగిపోయింది. దేవుడు నాతో వాదించలేదు, చైతన్య అడిగిన ప్రశ్ననే నా ముందు ఉంచాడు, అంతే. నా కన్నీళ్ళు ఆగలేదు. "రావాలనే ఉండె ప్రభువా, వాడు రావాలనే నాకుండె. నేను నిజం దాచిన, గెలుపు కోసం వాణ్ణి అమ్మేసిన. నన్ను క్షమించు" అని లోలోపల మొరపెట్టుకున్నాను. ఏళ్ళ తరబడి బిగించుకున్న పిడికిలి ఏదో నాలో విచ్చుకుంది!

మరునాడు బంద్. బస్సులు లేవు. మెట్టుగూడ నుండి తార్నాకకు నడిచాను. మాట్లాడలేను గనుక నా పరిస్థితినంతా వివరిస్తూ నాలుగు పేజీలు రాసుకుని వెళ్ళాను. గేటు దగ్గర ఒకసారి చదివి చూస్తే, మూడు పేజీలు నా సమర్థనే! దానిని మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

చైతన్య వాళ్ళమ్మగారు తలుపు తీశారు. "ఏం బాబూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా? మాట్లాడవేంటి?" అన్నారు. గొంతు వైపు చూపించి, మాట్లాడొద్దని డాక్టరు చెప్పినట్లు సైగ చేశాను. ఆవిడ ముఖం మెత్తబడింది. "అయ్యో! వాడు పైనే ఉన్నాడు, వెళ్ళు" అన్నారు.

చైతన్య చాలాసేపు మాట్లాడాడు. "నీ పాయింట్లు కరెక్టేరా. ఆ స్టేజి మీద నేను లేకపోయినా కొంపలేం మునగవు. నువ్వు నా ఇంటికొచ్చి, ఈసారికి వద్దురా అని పక్కన కూర్చుని చెప్పుంటే నేనే మీ డ్రమ్ములు మోసుకొచ్చేవాణ్ణి. టైమ్ పెట్టి తీసేశావు చూడు, అదీ బాధ." అతని మాట చివరిదాకా నేను విన్నది, సహోదరులారా, ఆ నాలుగేళ్ళలో అదే మొదటిసారి. అతను ఆగాక, ఆపరేషన్ అయితే అవనీ అనుకుని, బొంగురు గొంతుతో "తప్పు నాదే రా" అన్నాను.

"నోర్ముయ్‌రా, డాక్టర్ వద్దన్నాడుగా!" అని అరిచి నా భుజం పట్టుకుని ఏడ్చేశాడు.

దేవునికే మహిమ! ఆపరేషన్ లేకుండానే గొంతు తిరిగి వచ్చింది. పై స్థాయి స్వరాలు మాత్రం రాలేదు, వాటిని నేను అడగనూ లేదు. లూప్ లైన్ మళ్ళీ వేదిక ఎక్కలేదు, చదువులు మమ్మల్ని తలో దిక్కుకు తీసుకుపోయాయి. చైతన్య నా స్నేహితుడిగా మిగిలాడు, అది నాకు చాలు.

ఇక్కడ కూర్చున్న మీలో ఎవరో ఒకరు మీ అన్నమీదనో, భార్యమీదనో, స్నేహితునిమీదనో ఒక వాదన గెలిచి ఉన్నారు. మీరు చెప్పింది న్యాయమే కావచ్చు, నేను కాదనను. అయినా వారి గుమ్మం దాకా వెళ్ళండి, వెళ్ళి వారు చెప్పేది వినండి. వెళ్ళడానికి ధైర్యం చాలకపోతే నన్ను నడిపించిన దేవుణ్ణి అడగండి, ఆయన మీ పక్కన నడుస్తాడు. నా నోటిని కట్టి నా హృదయాన్ని విప్పిన ఆ ప్రభువుకు స్తోత్రం, ఆమేన్.