అన్న చిటికె

మా ఎదురింటి నర్సమ్మ పోయిన మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే చనిపోయింది. కబురు చెప్పడానికి వాళ్ళ చెల్లెలు రోడ్డు దాటి వచ్చి మా గేటు పట్టుకుని నిలబడింది. "అక్క లేదన్నా" అంది. వెంటనే, "ఆ చేపల సంగతి నాకేం తెలీదు. భయమైతాంది. నువ్వు రా" అంది. ఏడుపు ఆ తరువాత వచ్చింది.

చర్చిలో జరిగిన ఆదరణ కూడికలో మా వీధి చివరి లెక్చరర్ మాట్లాడాడు. నాలాగే రిటైరైనవాడు. "అమ్మగారికి రంగు చేపలంటే సరదా" అన్నాడు. నేను లేచి బయటికొచ్చేశాను. బోరునీళ్ళు తాగితే పళ్ళు గారపట్టే మార్కాపురంలో, తన హాల్లో నాలుగడుగుల సముద్రాన్ని ఎనిమిదేళ్ళు బతికించిన మనిషి ఆమె. దాన్ని సరదా అంటే నేనొప్పుకోను. కక్ష తీర్చుకోవడానికే రాస్తున్నానని మీలో కొందరనుకుంటారు. అదీ నిజమే.

ఆమెది కొమరోలు దగ్గర పల్లె. "ఇరవై ఏండ్లొచ్చి నర్సింగుకు పోయిందాకా సముద్రం ఎట్లుంటదో తెలీదన్నా. చూసిన రోజు అన్నం తినలే" అని ఒకసారి చెప్పింది. ముప్పై అయిదేళ్ళు ఆసుపత్రుల్లో తిరిగి, రిటైరయ్యాక చెన్నై నుంచి అద్దాల తొట్టి, సముద్రపు ఉప్పు, నాలుగు చేపలు, పగడాలు తెప్పించుకుంది. రాతి పగడాలకు చట్టం ఒప్పుకోదని మెత్తని జాతివే తెచ్చింది. పగడమంటే ఉంగరంలో పొదిగేది కాదు, ప్రాణమున్నది. లైటు వెయ్యగానే అరచేతులు విప్పినట్టు విచ్చుకుంటుంది.

వీధి వీధంతా చూడ్డానికి వచ్చేది. అద్దానికి ముక్కులు ఆనించేవాళ్ళు. టీ ఇస్తే మాత్రం, "ఇప్పుడే తాగొచ్చినాం" అనేవాళ్ళు. ఆ ఇంట్లో తాగడానికి వాళ్ళకు కులం అడ్డం. వెయ్యి పుస్తకాలు చదివిన నాకు కూడా ఆ కప్పు అందుకోవడానికి ఏడాది పట్టింది. ఆ తరువాత రోజూ సాయంత్రం అయిదింటికి అక్కడే ఉండేవాణ్ణి.

మూడేళ్ళ క్రితం తొట్టి పచ్చబడింది. అద్దం మీద, రాళ్ళ మీద, చివరికి పగడం మీద కూడా నాచు జుట్టులా పెరిగింది. పగడం ముడుచుకుపోయి విచ్చుకోవడం మానేసింది. నర్సమ్మ నీళ్ళు గాజుగొట్టంలో పట్టి మందు చుక్కలు వేసింది. అవి ముదురు నీలానికి తిరిగాయి.

"ఫాస్ఫేటు అన్నా. మన చేలల్లో చల్లే డీఏపీలో ఉండేదే. మేత ఎక్కువైతే నీళ్ళలో పేరుకుంటది. అక్కడ పైరు, ఇక్కడ నాచు."

దుకాణంవాడు ఫాస్ఫేటును పీల్చే గుళికలు పంపి, డబ్బా మొత్తం ఒకేసారి వెయ్యమన్నాడు. నేనూ అదే అన్నాను. "సున్నా చేసెయ్యమ్మా, పీడా పోతుంది" అన్నాను.

"సెలైను అట్లనే ఎక్కిస్తామా? చుక్క చుక్క గదా. ఒక్కసారిగా లాగితే పగడం తట్టుకోదు. సున్నా చేస్తే ఆకలికి చస్తది. దానికీ రవ్వంత కావాల." ఆపై నవ్వి, "మన లెక్చరర్ సారు మాదిరి. ఊళ్ళో రవ్వంత ఉండాల" అంది.

తన యూనిఫాం నాటి తెల్ల సాక్సులో రెండు చెంచాల గుళికలు పోసి కట్టి నీటి దారిలో పెట్టింది. చేపలకు వేసే రొయ్యపొట్టును టీ జల్లెడలో మూడు నీళ్ళు కడిగేది. మేత రోజుకు ఒక్క పూటకు, పొద్దున ఒక్క చిటికెకు తగ్గించింది. శుక్రవారం శుక్రవారం గొట్టాన్ని తెల్లకాగితానికి ఆనించి నీలం చూసేది. ఒక వారం పలచబడితే, మరో వారం మళ్ళీ చిక్కబడేది. "యాణ్ణుంచో వస్తాంది" అంది. ఆమె గొంతులో విసుగు నేను విన్నది ఆ ఒక్కసారే.

ఎవరో దొంగచాటుగా మేత వేస్తున్నారని నాకు అర్థమైంది. చూడ్డానికొచ్చే వాళ్ళందర్నీ ఇంటింటికీ వెళ్ళి అడిగాను. లెక్చరర్‌ను రోడ్డు మీదే నిలబెట్టాను.

"ఏం సారూ, చేపలకు అన్నదానం చేస్తున్నావంట?"

"నేనా? ఆ ఇంట్లో పచ్చినీళ్ళు ముట్టను. మేత డబ్బా ముట్టుకుంటానా పెద్దాయనా?" అన్నాడు, వీధంతా వినేలా.

నర్సమ్మ గేటు దగ్గరే ఉంది. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. "లోపలికి రా అన్నా, టీ సల్లారిపోతాంది" అంది, అంతే.

ఆ తరువాత రెండు మూడు నెలల్లో నాచు సన్నగిల్లింది. నీలం లేతబడింది. ఒకరోజు పొద్దున్నే నన్ను కేకేసి చూపించింది, పగడం విచ్చుకుంది. ఎలా కుదిరిందమ్మా అంటే, "మోతాదు తెలిసింది" అంది. గుళికల మోతాదు అనుకున్నాను.

తొట్టి కింది అరలో గొట్టాలూ సాక్సూ ఉంటాయి. మోకాళ్ళ నొప్పులతో నేనెన్నడూ వంగి అందులోకి చూడలేదు. పోయిన మంగళవారం చెల్లెలు టార్చి పట్టుకుంటే వంగాల్సొచ్చింది. లోపల తలుపుకు ఒక పలక వేలాడుతోంది. బలపంతో గుండ్రని అక్షరాలు.

పొద్దున: నాది, అర చిటికె.
సాయంత్రం: అన్న చిటికె.

ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు చేపలు అద్దం దగ్గరికొచ్చి నోళ్ళు తెరిచేవి. ఎదురుగా ఉన్న ప్రాణి ఆకలిగా చూస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మావైపు వాళ్ళకు చేతకాదు. డబ్బా తీసి ఒక్క చిటికె వేసేవాణ్ణి. ఒక్క చిటికెతో ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంటింటికీ తిరిగి దొంగను వెతికినప్పుడు కూడా అది గుర్తు రాలేదు.

"అక్కకు తెలుసన్నా. అన్న చెయ్యి ఆపలేం గానీ, నా చెయ్యి తగ్గించుకుంటా అనేది" అంది చెల్లెలు.

లెక్చరర్ గారికి ఇక్కడే చెబుతున్నాను. ఆ చిటికె నాది, మిమ్మల్ని అన్నది తప్పు. పచ్చినీళ్ళ మాట మాత్రం మీదే, దాన్ని మీరే ఉంచుకోండి.

తొట్టి బాధ్యత ఇప్పుడు నాది. రొయ్యపొట్టు మూడు నీళ్ళు కడుగుతున్నాను. నిన్న శుక్రవారం నీళ్ళు పట్టి చూశాను. లేత నీలమే, ఇంకా చెయ్యి దాటలేదు. రెండు పూటలా నేనే వేస్తున్నాను. పొద్దున అర చిటికె వేసేటప్పుడు ఎక్కువ పడుతుందేమోనని ముందు అరచేతిలో పోసుకుని చూసుకుంటాను.

కింది అరలో తేమకు పలక మీది అక్షరాలు చెరిగిపోతున్నాయి. వాటి మీద దిద్దుదామని రోజూ బలపం పట్టుకుని వంగుతాను. 'పొద్దున' దిద్దగలను. పక్కనున్న 'నాది' దగ్గర చెయ్యి ఆగిపోతుంది.