బానెట్ గొళ్లెం బాగుచెయ్యమంటే

ఆస్ట్రేలియాలో మా గనుల ఊరు బ్రోకెన్ హిల్‌లో క్లెమ్ ట్రెవారో చేతికి స్క్రూడ్రైవర్ అందించినవాళ్లెవరూ ఆ వారం ప్రశాంతంగా భోంచేసి ఎరగరు. క్లెమ్ ఏదైనా విప్పుతాడు. అద్భుతంగా విప్పుతాడు. మూయడు. ఒకటి విప్పగానే దాని వెనక ఇంకొకటి కనిపిస్తుంది. కనిపించగానే పెన్సిల్ చెవి మీంచి తీసి, ముక్కు గోక్కుని, ఆ మాట అంటాడు: "ఎలాగూ విప్పాం కదా!"

ఈ మూడు ముక్కలూ వినబడితే మా వీధిలో పిల్లలు బొమ్మలు దాచేసుకుంటారు.

గనిలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. డెబ్బై దాటాయి. కర్రలాంటి మనిషి, చలికాలంలోనూ నిక్కరే. మా పెరటి గోడ వెనక సందులో ఆయన షెడ్డు. ఏ ఇంటి పనికీ డబ్బు పుచ్చుకోడు. డబ్బు పుచ్చుకునే మనిషైతే తిట్టడానికైనా వీలుండేదని మా ఆవిడ కార్లీ బాధ.

మా వీధి ద్రాగిత్సా ముసలమ్మ సంగతే చూడండి. స్నానాల గదిలో కుళాయి కారుతోంది, వాషర్ మార్చమంది. టీ కాచి కప్పులో పోసేలోగా అయిపోయే పని. ఆవిడ టీ పట్టుకొచ్చేసరికి గోడ పెంకులు ఊడి ఉన్నాయి.

"ఇదేం పని, క్లెమ్?"

"పైపు ఎటు పోతోందో చూస్తున్నా. ఎలాగూ విప్పాం కదా, ఈ తొట్టి కూడా కాస్త జరిపితే..."

సాయంత్రానికి స్నానాల తొట్టి పెరట్లో ఉంది. ఆ వారమంతా ఆవిడ సబ్బు, తువ్వాలు పట్టుకుని పక్కింటికి వెళ్లి స్నానం చేసింది. తొట్టి ఉండాల్సిన చోట చివరికి నేల మీదే నిలబడి స్నానం చేసే షవరు వెలిసింది, గోడకి పట్టుకోవడానికో కడ్డీతో సహా. తొట్టిలో కోళ్లు కాపరం పెట్టాయి. కుళాయి మాత్రం ఇప్పటికీ కారుతూనే ఉంది.

తర్వాత గ్యారీ. ముగ్గురు పిల్లలతో ఒంటరిగా నెట్టుకొస్తున్న లారీ డ్రైవరు. కుక్క గూటి తలుపు ఊడిపోయింది, రెండు మేకులు కొట్టి పెట్టమన్నాడు. గూడు వరండాకి ఆనుకుని ఉంది. తలుపు కోసం గూడు విప్పాడు, గూడు కోసం వరండా విప్పాడు. గ్యారీ ట్రిప్పు నుంచి తిరిగొచ్చేసరికి వరండా లేదు. నెల తిరక్కుండా అక్కడ కిటికీలతో ఒక గది లేచింది. పిల్లలు మంచాలు ఈడ్చుకుని అందులో దిగారు. కుక్క మాత్రం తలుపు లేని గూట్లోంచి అందరినీ నిష్ఠూరంగా చూస్తుంటుంది.

ఇన్ని తెలిసీ నేను క్లెమ్‌ని ఎందుకు పిలిచానని మీరు అడగొచ్చు. కార్లీ రోజూ అడుగుతుంది.

మా కారు కింగ్స్‌వుడ్. కార్లీ బామ్మ నుంచి మాకు వచ్చింది. నాకంటే పెద్దది. వెనక సీటు పెళ్లి మంచమంత ఉంటుంది, ఇంజిన్ ఓపిక మాత్రం బామ్మ ఓపికే. ఎత్తు ఎక్కాల్సి వస్తే లోపలున్నవాళ్లమంతా ముందుకు వంగి కూర్చుంటాం, దానికి సాయంగా ఉంటుందని. ఈ కారు బానెట్ గొళ్లెం సరిగ్గా పట్టడం లేదు. నా బాధ అదొక్కటే.

చిన్న బాధ కాదు. మా ఆడ్రీకి పది నెలలు. పుట్టుకతో తుంటి కీలు సరిగ్గా కూర్చోలేదని నడుము నుంచి చీలమండల దాకా పిండికట్టు వేశారు, కాళ్లు కప్పలా ఎడంగా పెట్టి. శుక్రవారం అడిలైడ్‌లో ఆ కట్టు విప్పి చూడాలి. ఆ రోజు తప్పితే డాక్టరు మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో ఆసుపత్రివాళ్లే చెప్పలేమన్నారు. బస్సులో ఆ కాళ్లు పట్టవు. కాళ్లు ఎడంగా పెట్టుకునే పిల్లల కోసం ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ప్రత్యేకమైన సీటు మా కారు వెనక సీటుకి తప్ప వీధిలో ఇంకే కారుకీ సరిపోలేదు. అన్నీ పెట్టి చూశాను. దారి అయిదు వందల కిలోమీటర్లు. నెల ఫిబ్రవరి, ఇక్కడ నడి ఎండాకాలం. కారులో ఏసీ లేదు.

నేను గని ప్రయోగశాలలో రసాయన శాస్త్రం వెలగబెట్టేవాణ్ణి. కంగారు పడాల్సి వస్తే పద్ధతిగా పడతాను. తడి తువ్వాళ్లు, ఐసు పెట్టె, నీళ్లు చిమ్మే సీసా సిద్ధం చేశాను. వెనక సీటు పైన థర్మామీటరు వేలాడదీశాను.

గొళ్లెం చూడ్డానికి వచ్చిన క్లెమ్ ముందు ఆ థర్మామీటరు చూశాడు.

"ఇదేంటి, అబ్బాయ్?"

"పిల్ల కూర్చునే చోట వేడి ఎంతుందో తెలియాలిగా."

"ఎంతుంది?"

"నలభై ఆరు."

క్లెమ్ లోపలికి వంగి పిల్ల సీటు చూశాడు. "ఏసీ పెట్టించుకోకపోయావా? నాకు తెలిసినవాళ్లు..."

"వద్దు క్లెమ్. మేం ఎలాగో సర్దుకుంటాం."

"సర్దుకుంటారు," అన్నాడు క్లెమ్, ముక్కు గోక్కుంటూ. ఆ క్షణమే నేను కారు తాళాలు లాక్కుని ఉండాల్సింది.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి సందులోని చెట్టు పక్కన ఇనప గొట్టాలతో కట్టిన మూడుకాళ్ల స్టాండు, దానికి గొలుసుతో వేలాడుతూ మా ఇంజిన్.

"క్లెమ్! నేను గొళ్లెం అడిగాను!"

"గొళ్లెం కోసమేగా బానెట్ ఎత్తాను. ఎత్తితే ఇంజిన్ కనబడింది. దీనికి ఊపిరి లేదు, అబ్బాయ్."

"ఇప్పుడు నాకూ లేదు! శుక్రవారం ప్రయాణం!"

"జొరాన్ యార్డులో ఒక యూట్ ఉంది, వెనక సామాన్లు వేసుకునే బండి. ఎమూ పక్షిని తప్పించబోయి కాలవలో పడింది. ఒళ్లంతా సొట్టలు, ఇంజిన్ మాత్రం పెళ్లికొడుకులా ఉంది. ఎనిమిది సిలిండర్లు. ఈ మోడల్‌కి అదే ఇంజిన్ పెట్టి కంపెనీవాళ్లే అమ్మారు. కాగితాల్లో ఇంజిన్ నంబరు మార్పించి తనిఖీ చేయిస్తే సరి."

"వద్దు! పాతదే పెట్టెయ్!"

"పెట్టొచ్చు," అన్నాడు విచారంగా. "కానీ ఎలాగూ విప్పాం కదా."

జొరాన్ పాత కార్లు తుక్కు చేసేవాడు. పిసినారి. వాడి దగ్గర ఇంజిన్ ఊరికే ఎలా వస్తుందని నేను ధైర్యంగా ఉన్నాను. జొరాన్ క్రేన్ ఏడాదిగా చెడిపోయి ఉందనీ, క్లెమ్ ఆ పొద్దున్నే వెళ్లి దాన్ని లేపి నిలబెట్టాడనీ నాకు తెలియదు. మర్నాడు మధ్యాహ్నానికి ఆ క్రేనే ఇంజిన్ని మోసుకొచ్చి మా సందులో దించింది.

ఇక మొదలైంది. ఇంజిన్ పెద్దది కాబట్టి పాత రేడియేటర్ చాలదు, పెద్దది కావాలి. ముందు బరువు పెరిగింది కాబట్టి స్ప్రింగులు మార్చాలి. ఇవన్నీ అయ్యాక క్లెమ్ చక్రాలు ఊడదీయడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు చక్రాలెందుకు?" అని అరిచింది కార్లీ గోడ మీంచి.

"బ్రేకులమ్మా. అంత ఇంజిన్ పెట్టాక బండి ఆగాలి కదా."

"ఆగడం సంగతి తర్వాత! ముందు కదలనీ!"

యూట్‌కి ఉన్న బ్రేకులే వచ్చి మా కారుకి అమరాయి. నా బిడ్డ ప్రయాణించే కారుకి పెద్ద బ్రేకులంటే నేను కాదనలేను. ఆ మాట క్లెమ్‌కి తెలుసు. అదే నా మంట.

మంగళవారం మా ఇంట్లో పిజ్జా. కార్లీ పిండి కలిపి, తడిగుడ్డ కప్పి గట్టు మీద పెట్టింది. కాసేపాగి చూస్తే గుడ్డ ఉంది, పిండి లేదు. ఇద్దరం వెతుక్కుంటూ సందులోకి వెళ్తే మా పిండి ముద్దలు ముద్దలుగా ఇంజిన్ నెత్తిన కూర్చుని ఉంది. క్లెమ్ బానెట్ నెమ్మదిగా దించి, మళ్లీ ఎత్తి, నొక్కుకుపోయిన ముద్దని పెన్సిల్‌తో కొలుస్తున్నాడు.

"ఇంజిన్‌కీ బానెట్‌కీ మధ్య ఎంత జాగా ఉందో ఇలాగైతే కచ్చితంగా తెలుస్తుంది," అన్నాడు. "పిండి భలే కలిపావమ్మా. చక్కగా సాగుతోంది."

కార్లీ ఆ తడిగుడ్డ కూడా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. రాత్రికి బ్రెడ్డు, బీన్సు తిన్నాం.

బుధవారం వెళ్లి చూస్తే వెనక సీటు షెడ్డులో ఉంది. దాని మీద క్లెమ్ పిల్లి పడుకుని ఉంది.

"ఇంజిన్ ముందుంది, క్లెమ్! ముందు! వెనక సీటు ఎందుకు విప్పావు?"

కారులోంచి రెండు కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. లోపల్నుంచి, "ఎలాగూ..." అని వినబడింది.

"అనొద్దు! ఆ మాట అనొద్దు! నా పిల్ల శుక్రవారం అడిలైడ్‌లో ఉండాలి. లేకపోతే ఆ కట్టుతో ఈ ఎండాకాలమంతా ఉడికిపోతుంది. అది తెలుసా నీకు?"

"తెలుసు, అబ్బాయ్," అంది లోపలి గొంతు. "ఆ పదమూడో నంబరు స్పానర్ ఇటివ్వు."

ఇచ్చాను. ఇంకేం చేయను?

ఇంకో కారు అద్దెకి దొరుకుతుందేమోనని ఊరంతా తిరిగి, ఏదీ దొరక్క, ఆడ్రీకి పౌడరు కొనడానికి మందుల షాపులో నిలబడ్డాను. ముందున్నది మిసెస్ లాంగ్‌ఫోర్డ్, గని మేనేజరు భార్య. నా మొహం చూసి ఏమైందని అడిగింది. క్లెమ్ పేరు చెప్పాను.

"క్లెమ్ ట్రెవారోనా? ఎంత చురుకైన మనిషి!" అంది.

నేను పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. "కర్రలా ఉంటాడు, నిక్కరు వేసుకుంటాడు..."

"ఆయనే. పోయిన నెల మా కుళాయి వాషర్ మార్చాడు. పది నిమిషాలు! నేలంతా తుడిచి మరీ వెళ్లాడు. పక్కనే ఉంది కదా, ఆ తలుపు బందు కూడా చూడమన్నాను. 'దానికి వేరే మనిషిని పిలిపించుకోండమ్మా' అని టోపీ పెట్టుకుని పోయాడు."

పౌడరు డబ్బా కౌంటరు మీదే వదిలేసి బయటికొచ్చేశాను.

పది నిమిషాలు! నేల తుడిచి! దారి పొడుగునా ఆలోచిస్తూ నడిచాను. ద్రాగిత్సా ముసలమ్మ మోకాళ్లు గుర్తొచ్చాయి. ఆ తొట్టి గట్టు దాటలేక ఆవిడ నెలల తరబడి గిన్నెడు నీళ్లతో ఒళ్లు తుడుచుకుంటోందని వీధిలో ఆడవాళ్లు గుసగుసలాడుకునేవారు. కడ్డీ పెట్టించుకో అంటే, నాకేం ముసలితనం వచ్చిందని కసిరేది. గ్యారీ పిల్లలు ముగ్గురూ ఒకే మంచం మీద పడుకునేవారు. ఎవరైనా సాయం చేస్తామంటే గ్యారీ మాట మార్చేసేవాడు. ఇద్దరూ ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోని మనుషులు. కానీ తొట్టి పెరట్లో పడ్డాక, వరండా కూలిపోయాక ఎవరైనా ఏమంటారు? కానివ్వమనక తప్పదు. తిడుతూనే అయినా సరే. తిడుతున్నవాళ్లకి మొహమాటం ఎక్కడుంటుంది?

తిన్నగా షెడ్డుకి వెళ్లాను. క్లెమ్ కారు నేల మీద పొడవాటి గొట్టం ఒకటి పరుస్తున్నాడు.

"లాంగ్‌ఫోర్డ్ వాళ్లింట్లో పని పది నిమిషాల్లో ఎలా ముగించావు, క్లెమ్?"

ఆయన గొట్టం మీదికి ఇంకాస్త వంగాడు. "వాళ్లింట్లో బిస్కెట్లు మెత్తబడి ఉంటాయి," అన్నాడు.

"ఈ గొట్టం ఏంటి?"

"గొట్టమే."

"ఎక్కడికి పోతోంది?"

నేనే వంగి చూశాను. డాష్‌బోర్డు లోపల్నుంచి బయల్దేరి, ముందు సీట్ల కిందుగా పాకి, వెనక సీటు దగ్గర పైకి లేచి, ఆడ్రీ సీటు ఉండే చోట చిన్న జాలీ దగ్గర ఆగింది.

"యూట్ ఇంజిన్‌కి ఏసీ పంపు బిగించి ఉంది," అన్నాడు క్లెమ్, తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా. "ఊడబెరికి పారేస్తామా? క్లబ్బులో ఫ్రిజ్‌లు చూసే ఆయన గ్యాస్ నింపుతానన్నాడు. నీ పాత ఇంజిన్‌కి ఈ పంపు తగిలిస్తే మొదటి ఎత్తు దగ్గరే ప్రాణం వదిలేసేది."

"అంటే ఇంజిన్ మార్చింది..."

"గొళ్లెం సంగతి నేను మర్చిపోలేదు, అబ్బాయ్," అన్నాడు తొందరగా. "అదీ చూస్తా."

చూడలేదు. శుక్రవారం తెల్లారేసరికి కారు తనిఖీ కాగితాలతో సహా గుమ్మం ముందు నిలబడి ఉంది. గొళ్లెం అలాగే ఉంది, దానికి తోడు అటొకటి ఇటొకటి రెండు లావుపాటి కొక్కేలు వచ్చాయి. నేను థాంక్స్ చెప్పబోతుంటే కార్లీ నా మోచెయ్యి గిల్లి, తనే గట్టిగా అరిచింది: "నా పిజ్జా పిండి బాకీ ఉన్నావు, క్లెమ్!" ఆయన మొహం వెలిగిపోయింది.

కారు ఎత్తులన్నీ ఏమీ ఎరగనట్టు ఎక్కేసింది. మేం ముందుకి వంగాల్సిన అవసరం రాలేదు, అయినా అలవాటుకొద్దీ వంగాం. బయట ఎండకి రోడ్డు నీళ్లలా మెరుస్తోంది. లోపల ఆడ్రీ ఊరు దాటకముందే నిద్రపోయింది. థర్మామీటరు చూసి నాకు కొత్త కంగారు పట్టుకుంది.

"కార్లీ, ఇరవై ఉంది. పాప వేళ్లు చూడు."

కార్లీ వెనక్కి వాలి, కట్టు చివర్న బయటికి కనిపిస్తున్న ఆ చిన్న వేళ్లు ముట్టుకుంది. "చల్లగా ఉన్నాయి," అంది.

తడి తువ్వాళ్లు, ఐసు, సీసా అన్నీ తెచ్చాం. ఉన్ని గుడ్డ ఒక్కటి లేదు. దారిలో యుంటా అనే ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర ఆపి లోపలికి పరిగెత్తాను. కౌంటరు దగ్గర ఆవిడ అట్టముక్కతో విసురుకుంటోంది.

"మేజోళ్లు ఉన్నాయా? ఉన్నివి?"

"బయట నలభై నాలుగు డిగ్రీలు నాయనా."

"పాపకి చలేస్తోంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నీళ్ల సీసా ఒకటి ముందు పెట్టి, "ముందు ఇది తాగు, నీడలో కూర్చో," అంది. ఎండదెబ్బ కాదని నమ్మించడానికి ఆవిణ్ణి కారు దాకా తీసుకురావాల్సి వచ్చింది. తలుపు తీసి తల లోపల పెట్టింది. చాలాసేపటిదాకా బయటికి తీయలేదు. తర్వాత లోపలికెళ్లి, గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్లు వేసుకునే బూడిదరంగు మేజోళ్లు ఒక జత తెచ్చింది. పదకొండో సైజు.

అడిలైడ్‌లో డాక్టరు కట్టు కోసే ముందు, మోకాళ్ల దాకా లాగిన ఆ మేజోళ్లని అటూ ఇటూ తిప్పి చూశాడు. బయట ఊరు ఊరంతా చెమటలు కక్కుతోంది.

"ఇవి వేసిన కారణం...?" అన్నాడు.

"దారిలో పాపకి చలేసిందండీ," అంది కార్లీ, చాలా గర్వంగా.